ఫ్లైఓవర్ మీద రేసర్లు తయారవ్వరు

"రేసర్ అవ్వాలంటే పెద్ద బండి, గుండె ధైర్యం ఉంటే చాలు. మనకు ట్రాకులు లేవు కాబట్టి రోడ్డే ట్రాక్. మార్కెజ్ ఎన్నిసార్లు పడ్డాడో, లేచి చాంపియన్ అవ్వలేదా?" ఫ్లైఓవర్ మీద అర్ధరాత్రి బండి తోలే వీడియోకి ఈ మాటలు తగిలించి బెజవాడ, గుంటూరు కాలేజీ గ్రూపుల్లో తెగ తిప్పుతున్నారు. స్పెయిన్ బైక్ రేసర్ మార్కెజ్ అంటే నాకు ప్రాణం. ఆయన పేరు చెప్పి పిల్లల్ని చావుకు ఎగదోస్తుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు.

ముందు పెద్ద బండి సంగతి. మార్క్ మార్కెజ్ 2008లో పదిహేనేళ్లకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అడుగుపెట్టింది 125 సీసీ బండి మీద. 2010లో ఆ క్లాసు టైటిల్, 2012లో దాని పైమెట్టు మోటో2 టైటిల్ కొట్టాకే 2013లో అన్నిటికంటే పై క్లాసైన మోటోజీపీకి వచ్చాడు. మన జాతీయ చాంపియన్‌షిప్‌లోనూ 165 సీసీ క్లాసు ఉంది. చిన్న ఇంజిన్‌తో మలుపులో స్పీడ్ పోగొట్టుకుంటే, తర్వాత యాక్సిలరేటర్ ఎంత తిప్పినా రాదు. అందుకే బ్రేక్ ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి, బండిని ఎంత వంచాలి అన్నవి దాని మీదే ఒంటబడతాయి. ఫ్లైఓవర్ మీద తిన్నగా 150 కొట్టడానికి ఇవేవీ అక్కర్లేదు.

ఇక పడి లేవడం. నాకు అన్నిటికంటే మండేది ఈ మాటకే. మోటోజీపీ ట్రాక్‌లో రేసర్ పడితే జారిపోవడానికి బయట ఖాళీ జాగా ఉంటుంది, ఆపైన కంకర. ఎదురుగా ఏ బండీ రాదు. ఒంటిమీద తోలు సూట్, అందులో ఎయిర్‌బ్యాగ్. 2018 నుంచి అది తప్పనిసరి. మనిషి నేలకు తగిలేలోపే భుజాల చుట్టూ ఉబ్బుతుంది. మార్షల్స్ అనే ట్రాక్ సిబ్బంది, డాక్టర్లు అక్కడే సిద్ధంగా ఉంటారు. ఫ్లైఓవర్ మీదైతే పక్కన సిమెంటు గోడ, రెండు స్లాబుల మధ్య ఇనుప జాయింటు, అంచున పేరుకున్న ఇసుక, వెనక లైటు లేని ట్రాక్టర్. మనవాడి ఒంటిమీద టీషర్టు, కాళ్లకు చెప్పులు.

అన్ని జాగ్రత్తలున్నా 2020 జులైలో స్పెయిన్‌లోని హెరెత్ ట్రాక్‌లో పడి మార్కెజ్ కుడిచేతి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి వారం తిరక్కుండానే బండెక్కి, తట్టుకోలేక తప్పుకున్నాడు. లోపల వేసిన ప్లేటు దెబ్బతింది. ఆ చేతికి మొత్తం నాలుగు ఆపరేషన్లు. 2019లో గెలిచిన టైటిల్ మళ్లీ చేతికి రావడానికి 2025 దాకా పట్టింది. "లేచి గెలిచాడు" అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు ఈ ఆరేళ్ల నరకాన్ని దాచేస్తున్నారు.

ట్రాక్ లేదంటారా, బెజవాడలో లేదు, నిజమే. పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో దిగుతాం. ఆ పక్కనే ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. టీవీఎస్ వన్ మేక్ రేసులు 1994 నుంచి నడుస్తున్నాయి. అందరిదీ ఒకే మోడల్ బండి కాబట్టి తోలేవాడి పనితనం ఇట్టే తెలిసిపోతుంది. డబ్బు ఖర్చవుతుంది, స్పాన్సర్ దొరకడం కష్టం, కాదనను. అయినా బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాజాస్ అనే బైక్ ర్యాలీల వరల్డ్ కప్‌లో మహిళల టైటిల్ గెలిచింది.

రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.

ఆ వీడియో మీ గ్రూపులోకి వస్తే ఫార్వర్డ్ చేయకండి. మీ తమ్ముడికి నిజంగా రేసుల పిచ్చి ఉంటే, చెన్నై ట్రాక్‌లో ట్రైనింగ్ ఎప్పుడు పెడుతున్నారో కనుక్కుని చెప్పండి.