రైలు చరిత్రకు స్మరణికలు చాలవు

సికింద్రాబాద్ నుంచి ఇప్పటి కర్ణాటకలోని వాడి దాకా రైలు నడక మొదలైంది 1874లో. నూటయాభై ఏళ్లు నిండిపోయాయి. ఇలాంటి సందర్భాల్లో మనకు అలవాటైన తంతు ఒకటుంది. స్టేషనుకు రంగుల దీపాలు, వేదిక మీద ప్రసంగాలు, నున్నని కాగితం మీద ఒక స్మరణిక. దాని మొదటి సగం ప్రముఖుల సందేశాలకే సరిపోతుంది. ఆ దారికి పెట్టిన డబ్బు ఎవరిది, వడ్డీ ఎవరు కట్టారు, కట్టలు పోసిన కూలీలు ఎక్కడివాళ్లు అన్న సంగతులకు మిగతా సగంలోనూ చోటు దొరకదు.

ఆ సంగతులు చిన్నవేం కావు. 1883 నాటి చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) రైల్వే వివాదం అందుకు సాక్ష్యం. నిజాం సర్కారు చేతిలో ఉన్న మార్గాన్ని లండన్ కంపెనీకి అప్పగించి, దాని పెట్టుబడి మీద ఇరవై ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి ఖజానా పూచీ పడాలన్నది ఒప్పందం. బండి లాభంతో నడిచినా నష్టంతో నడిచినా వాటాదారుకు వడ్డీ ముట్టాల్సిందే. ఆ షరతులేమిటో జనానికి చెప్పి ముందుకు వెళ్లండి అన్నవాళ్లలో ముఖ్యుడు హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. ఆయనకు దక్కింది సంస్థాన బహిష్కరణ. లండన్‌లో ఆ ఒప్పందం నడిపించిన నిజాం సర్కారు అధికారి అబ్దుల్ హక్ పేరే తర్వాత గనుల వ్యవహారంలోనూ రచ్చకెక్కింది. గనుల హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ జరిపింది. మరుసటి ఏడాది ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలుపెట్టింది ఆ కంపెనీయే. రైలు బెజవాడ చేరిందీ ఆ ఏడాదే. ఉద్యమం, కుంభకోణం, బొగ్గు, రైలు అన్నీ ఒకే ముడిలో ఉన్న ఈ కథ బడి పిల్లల పాఠంలో ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదంటే తప్పెవరిది?

చిక్కు ఎక్కడుందో చెప్పుకోవాలి. విచారణ నివేదిక ఇంగ్లిషులో లండన్‌లో అచ్చయింది. నిజాం ప్రభుత్వ దస్త్రాలేమో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఫారసీలో, ఉర్దూలో ఉన్నాయి. గొలుసుకట్టు ఉర్దూ రాత చదవగలిగి, కంపెనీ పద్దులు అర్థం చేసుకుని, తెలుగులో రాయగల మనిషి ఒక్కరే దొరకాలని చూస్తే మరో నూటయాభై ఏళ్లు పడుతుంది. ముగ్గురిని ఒకచోట కూర్చోబెడితే చాలు. వాళ్ల ఏడాది జీతం ఒక స్టేషను ముంగిట ఫౌంటెన్‌కయ్యే ఖర్చును మించదని మా అంచనా.

కోస్తా వైపు పరిస్థితి వేరు. అక్కడ భాష కన్నా దూరం పెద్ద అడ్డంకి. పర్లాకిమిడి మహారాజు సొంత ఖర్చుతో వేయించగా 1900లో నడిచిన నౌపడ–పర్లాకిమిడి మార్గాన్నే చూడండి. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద బుల్లి ఇంజన్లు. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజికి మార్చారు. జమీందారీ నాటి కాగితాలకు చెన్నై వెళ్లాలి. దారిని నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే కేంద్ర కార్యాలయం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్. పర్లాకిమిడి, గుణుపురం ఇప్పుడు ఒడిశాలో ఉన్నాయి. టెక్కలి కుర్రాడెవరైనా తన ఊరి పక్క రైలు గురించి రాయాలనుకుంటే మూడు రాష్ట్రాల గడప తొక్కాలి.

ఇంత కష్టం ఎవరు పడతారని, ఇంటర్నెట్‌లో దొరికిన తేదీని ఒకరిని చూసి ఒకరు దించుకుంటున్నారు. బెజవాడ–మద్రాసు మార్గం పూర్తయింది 1899లో. దాని మీద ఉన్న బిట్రగుంట ఇంజన్ల షెడ్డు 1885లోనే వెలిసిందని మాత్రం చాలాచోట్ల కనిపిస్తుంది. పట్టాలకన్నా ముందే షెడ్డు ఎలా వచ్చిందని ఎవరూ ఆగి అడగరు. నిజానికి ఒక మార్గానికి ‘ప్రారంభం’ ఒకటే ఉండదు. మొదట కంకర బండ్లు తిరుగుతాయి, తర్వాత సరకు బండ్లు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి వంతెనలు చూసి సరేనన్నాకే ప్రయాణికులు. పెద్దల చేతుల మీదుగా జరిగే ప్రారంభోత్సవం ఇంకో రోజు. వీటిలో ఏ తేదీ చెబుతున్నారో తేల్చాలంటే నాటి పరిపాలనా నివేదికలు తిరగేయాలి.

అంతకన్నా విలువైనది వర్కింగ్ టైమ్‌టేబుల్. ప్రయాణికులకు అమ్మేది కాదు, డ్రైవర్, గార్డుల చేతిలో ఉండేది. ఏ వంతెన మీద వేగం ఎంతకు తగ్గించాలో, ఎగువదారిలో ఇంజను ఎంత బరువు లాగాలో అందులో కనిపిస్తుంది. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమల దారిలో దొరబావి వంతెన దాటిన మీటరుగేజి బండ్లు ఎలా నడిచాయో ఊహించి రాయనక్కర్లేదు, ఆ పుస్తకం ఒక్కటి దొరికితే చాలు. అవి కాలం చెల్లగానే చిత్తుకాగితాల్లో కలిసిపోవడమే మామూలు.

కాగితాల్లో లేనివీ ఉన్నాయి. సింగరేణి బొగ్గుతో మంట నిలపడంలో చేతి నేర్పు ఏమిటి? షెడ్డులో బొగ్గు తట్టలు మోసిన ఆడవాళ్లకు రోజు కూలి ఎంత? యుద్ధ కాలంలో కాకినాడ–కోటిపల్లి పట్టాలు పీకేసినప్పుడు ఊళ్లు ఏమన్నాయి? ఆ లైను మళ్లీ 2004లో గానీ రాలేదు. చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారంలో చివరి ఆవిరి ఇంజను తయారైంది 1972లో. 1990ల నడుమకు బ్రాడ్‌గేజి మీద వాటి పని ముగిసింది. వాటి మీద పూర్తికాలం చెమటోడ్చినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు.

బ్రిటన్‌లో ఈ పని సర్కారు ఒక్కటే నెత్తికెత్తుకోలేదు. 1909లో పుట్టిన స్టీఫెన్‌సన్ లోకోమోటివ్ సొసైటీ, 1954 నాటి రైల్వే అండ్ కెనాల్ హిస్టారికల్ సొసైటీ వంటివి ఔత్సాహికుల చందాలతో పత్రికలు వేస్తూ వచ్చాయి. మన దగ్గర రైలు పిచ్చి ఉన్నవాళ్లకు కొదవేం లేదు. ఫొటోలు తీస్తారు, ఇంజను నంబర్లు కంఠతా చెబుతారు. వాళ్లకు దస్త్రాల గది తలుపు తెరవాల్సింది రైల్వే శాఖ.

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019లోనే ప్రకటించారు. జోన్లు, డివిజన్లు చీలినప్పుడు బల్లలు, కుర్చీలు లెక్కపెట్టి పంచుకుంటారు. పాత ఫైళ్లే ఎవరికీ అక్కర్లేనివవుతాయి. పంపకానికి ముందే వాటి జాబితా తయారు చేయించి, పాతిక ముప్పై ఏళ్లు దాటినవాటిని స్కాన్ చేయించి ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. విశ్వవిద్యాలయాలు ఒక్కో మార్గానికి ఒక పరిశోధకుడిని కేటాయించి, ఫలితాన్ని సామాన్యుడు కొనగల ధరకు తెలుగులో అచ్చువేయాలి. వీటికి సమయం పడుతుందంటే ఒప్పుకుంటాం. కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంటల విశ్రాంత ఫైర్‌మన్ల (ఇంజన్లో బొగ్గు వేసి మంట నిలిపినవాళ్ల) చిరునామాలు మాత్రం పింఛను విభాగంలో ఇప్పటికే ఉన్నాయి. ‘మీ అనుభవాలు రికార్డు చేసుకుంటాం’ అంటూ డివిజన్ అధికారి సంతకంతో వాళ్లకొక ఉత్తరం పంపడానికి ఏ బడ్జెట్ కేటాయింపూ అక్కర్లేదు.