రోగి ఎంపిక ఒక్కటే ప్రమాణం కారాదు

ప్రజారోగ్య వ్యవస్థలో ప్రత్యామ్నాయ వైద్యానికి చోటు కోరే సంస్థలు చూపుతున్న ‘రోగి ఎంపిక’ వాదన, అంటే తనకు నచ్చిన చికిత్సను రోగే ఎంచుకోవాలనే వాదన, న్యాయమైనదని ఈ అంశంపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు. దానితో నేను ఏకీభవించలేను. సొంత డబ్బుతో చేసుకునే ఎంపిక వేరు, అందరి పన్నులతో నడిచే ఆసుపత్రి ఒక చికిత్సను అందించడం వేరు. ఆసుపత్రి చీటీ మీద ఉన్న మందు పనిచేస్తుందని రోగి నమ్ముతాడు, ఆ నమ్మకానికి పూచీ వ్యవస్థదే. బ్రిటన్‌లో నాటి యువరాజు చార్లెస్ 1993లో స్థాపించిన ఫౌండేషన్ 2010లో మూతపడే వరకు ప్రత్యామ్నాయ వైద్యం కోసం ఇలాంటి ప్రచారమే చేసింది. అదే ఏడాది పార్లమెంటు దిగువసభకు చెందిన శాస్త్ర సాంకేతిక కమిటీ హోమియోపతి ప్రభావం ప్లాసిబోను (మందు లేని ఉత్తుత్తి మాత్రను) మించదని తేల్చి, దానికి ప్రజాధనం ఆపాలని సిఫార్సు చేసినప్పటికీ, ఆ మందులు రాయవద్దని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ వైద్యులకు సూచించడానికి 2017 వరకు సమయం పట్టింది. ఇంత జాప్యం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

సంప్రదాయ జ్ఞానాన్ని తోసిపుచ్చమని నా ఉద్దేశం కాదు. చైనాలో శాస్త్రవేత్త తూ యూయూ బృందం ప్రాచీన గ్రంథంలోని ఒక మూలికను మరిగించకుండా, తక్కువ ఉష్ణోగ్రతలో దాని సారం తీసి, ముందు జంతువులపైనా ఆపై తమపైనా పరీక్షించుకున్న తరువాతే మలేరియా రోగులకు ఇచ్చింది. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు అలా వచ్చింది. ప్రత్యామ్నాయ వైద్యానికి చోటు కోరే ఈ సంస్థలు కూడా తమ వనరులను ప్రచారానికి బదులు అలాంటి పరీక్షలకు వెచ్చించి, ఫలితాలు ప్రతికూలంగా వచ్చినా ప్రకటించాలని కోరుతున్నాను.