డిష్ దించే ముందు అమ్మకు రిమోట్ నేర్పండి

నిరుడు అక్టోబరులో మా ఇంటి పైకప్పు మీది డిష్‌ను దింపించేసి, ఇంటర్నెట్ ద్వారా టీవీ చూసే స్ట్రీమింగ్‌కు మారాం. పదకొండేళ్లపాటు టెక్సస్ ఎండలకూ వడగళ్లకూ ఓర్చి నిలబడిన డిష్ అది. దాన్ని దింపుతుంటే నాకు మా తొలి అపార్ట్‌మెంటు గుర్తొచ్చింది. ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి, అమెరికాలో ఎక్కడ బిగించినా డిష్ దక్షిణపు ఆకాశం వైపే చూడాలి. మా బాల్కనీ ఏమో ఉత్తరానికి ఉండేది. సొంత బాల్కనీలో మీటరు వెడల్పు వరకు డిష్ పెట్టుకుంటే ఇంటి యజమాని అడ్డు చెప్పకూడదని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ఉంది, కానీ దిక్కు కలవకపోతే ఎవరేం చేస్తారు? అందుకే ఇల్లు కొన్నాక సోఫా కంటే ముందు డిష్ వచ్చింది. హాల్లో తెలుగు చానెల్ మోగిన ఆ మొదటి ఆదివారం మా వారూ నేనూ వంట కూడా మానేసి టీవీ ముందే కూర్చున్నాం.

డిష్ తీసేయడం తప్పని నేను అనడం లేదు. మాకు అక్కరలేని చానెళ్ల మూట, దాని మీద తెలుగు ప్యాక్, పెట్టె అద్దె, రెండేళ్ల ఒప్పందం, ఇన్నిటికీ కలిపి బిల్లు కట్టేవాళ్లం. గట్టిగా వాన పడితే బొమ్మ ఆగిపోయేది. దేశమంతా ఇదే దారిలో నడుస్తోంది. ఎవరెంత టీవీ చూస్తున్నారో లెక్కగట్టే నీల్సన్ సంస్థ ప్రకారం 2025 మే నెలలో అమెరికాలో జనం టీవీ చూసిన సమయంలో 44.8 శాతం స్ట్రీమింగ్‌దే. కేబుల్‌నూ యాంటెనాతో వచ్చే ప్రసార చానెళ్లనూ కలిపినా అంత రాలేదు. ఖర్చు తగ్గుతుందన్న ఆశ ఒక్కటే పెట్టుకుని మారితే మాత్రం అది ఎక్కువ కాలం నిలిచేది కాదు. టీవీ చానెళ్లను ఇంటర్నెట్‌లో చందాకు ఇచ్చే యూట్యూబ్ టీవీ 2017లో నెలకు 35 డాలర్లతో మొదలై 2025 జనవరికి 82.99 డాలర్లకు చేరింది. మనకు కావలసిన తెలుగు అయితే ఒకచోట ఉండదు. ఆహా ఒకటి, సన్ నెక్స్ట్ ఒకటి, ఈటీవీ విన్ ఒకటి, పెద్ద సినిమాలు నెట్‌ఫ్లిక్స్‌లోనో ప్రైమ్‌లోనో. అన్నీ ఒకేసారి కట్టకుండా ఒక నెల ఒకటి, ఇంకో నెల ఇంకొకటి తీసుకుంటే సరిపోతుంది. ఆ లెక్కలు మనకు ఎలాగూ వచ్చు.

మనం లెక్కలోకి తీసుకోని మనిషి ఒకరున్నారు. ఆరు నెలలకని వచ్చి, మనం ఆఫీసుకూ పిల్లలు బడికీ వెళ్లాక ఆ పెద్ద ఇంట్లో ఒంటరిగా కూర్చునే అమ్మ, లేదా నాన్న. కారు నడపలేరు, పక్కింటివాళ్ల భాష రాదు. వాళ్లకు పగలంతా తోడుండేది ఆ టీవీయే.

మా అమ్మ పాత రిమోట్ వెనక తెల్ల కాగితం అతికించి, మూడు చానెళ్ల నంబర్లు తన చేత్తో రాసుకుంది. డిష్ దించిన రోజున ఆ రిమోట్ కూడా పెట్టెతోపాటే వెళ్లిపోయింది. కొత్త రిమోట్ మీద అంకెలే లేవు. టీవీ వేయగానే ఎవరు చూస్తున్నారని ఇంగ్లిష్‌లో అడుగుతుంది. కాసేపు ఏమీ నొక్కకపోతే, ఇంకా చూస్తున్నారా అని ఆగిపోయి మళ్లీ అడుగుతుంది. డిష్ తీసేసిన మూడో రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆగిపోయిన తెర ముందు ఊరికే కూర్చుని ఉంది.

“టీవీ పెట్టుకోలేదా అమ్మా?”

“ఏదో అడుగుతోందమ్మా. తప్పు నొక్కితే డబ్బులు పోతాయేమోనని ఊరుకున్నాను.”

ఆమె భయంలో తప్పేమీ లేదు. ఆ తెర మీద అద్దెకు తీసుకోండి, కొనండి అనే బటన్లు నిజంగానే ఉన్నాయి, మా కార్డు దానికి తగిలించి ఉంది. పొద్దుటి నుంచి ఆమె అలాగే ఉందని తెలిసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. నెలకు ఇన్ని డాలర్లు మిగిలాయని ముందు రోజు రాత్రే నేను మా వారితో గొప్పగా చెప్పాను.

ఆ వారాంతమే ఒక విందులో ఒక పరిచయస్తుడు నన్ను పక్కకు పిలిచి, ఇంటర్నెట్‌కూ టీవీకీ తగిలిస్తే నెలనెలా చందా లేకుండా చానెళ్లు వచ్చే ఒక పెట్టె సంగతి చెప్పాడు. “ఒక్కసారి డబ్బు కట్టండి అక్కా, వందల చానెళ్లు వస్తాయి. నంబరు నొక్కితే చానెల్ వచ్చేస్తుంది, అమ్మగారికి హాయి.” ఆ పెట్టె మన ఇళ్లలో ఎందుకు పాతుకుపోయిందో నాకు ఆ రోజు అర్థమైంది. చవక అనేది ఒక కారణమే. పెద్దవాళ్లకు అలవాటైన నంబర్లను అది తిరిగి ఇస్తుంది. అమ్మ మీది ప్రేమతోనే చాలామంది ఆ పెట్టె కొంటున్నారు.

అయినా వద్దనే చెబుతాను, గట్టిగా చెబుతాను. అందులో వచ్చేది దొంగిలించిన ప్రసారం. ఇలాంటి స్ట్రీమింగ్‌ను వ్యాపారంగా నడిపేవారికి జైలుశిక్ష పడేలా 2020 డిసెంబరులో అమెరికాలో చట్టం వచ్చింది. ఆ చట్టం గురిపెట్టింది నడిపేవాళ్ల మీదే, చూసేవాళ్ల మీద కాదు. కానీ చూసేవాళ్లకు వేరే ముప్పు ఉంది. కొన్ని చవక ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో అమ్మకానికి రాకముందే హానికర ప్రోగ్రాములు చేరుతున్నాయనీ, ఇంటి నెట్‌వర్క్‌లోకి అవి దొంగదారి తెరుస్తున్నాయనీ 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. మనం బ్యాంకు పనులు చేసుకునేది కూడా ఆ వైఫై మీదే. ఇంకో మాట కూడా ఉంది. ఆహా 2020లో కేవలం తెలుగు కోసమే మొదలైంది. ఒక భాషను నమ్ముకుని వేదిక పెట్టినవాళ్లకు అమెరికాలోని తెలుగు ఇళ్లు చందాదారుల్లో కనిపించకపోతే, రేపు మన కోసం ఎవరు ఏం చేస్తారు? అన్నీ ఉన్న మనం మన భాషనే దొంగచాటుగా చూడడం నాకు మింగుడుపడదు.

చానెళ్లను చానెళ్లలాగే ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా అందించే సేవలు ఉన్నాయి. 2006లో మొదలైన యప్‌టీవీ వాటిలో ఒకటి. తెలుగు వార్తా చానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఉచితంగానే వస్తాయి. తిరుమల దేవస్థానం వారి ఎస్వీబీసీ కూడా అంతే. ప్రత్యక్ష ప్రసారం ఎందుకంత ముఖ్యమో మా అమ్మను చూశాక తెలిసింది. తెనాలిలో ఆమె చెల్లెలు రాత్రి ఏడున్నరకు చూసే సీరియల్‌ను అమ్మ ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి చూస్తుంది, అయిపోగానే ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు. నవంబరులో గడియారాలు మారాక అది ఎనిమిదింటికే మొదలైంది. పొద్దున్నే పూజ ముగించుకుని మరీ కూర్చునేది. ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చమ్మా అంటే, “అది చూసేశాక నేనొక్కదాన్నీ ఏం మాట్లాడను?” అంది.

ఒక శనివారం రెండు గంటలు కేటాయించి అమ్మ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టాను, ఆమె ఫోటోతో. మొదటి వరుసలో మూడే యాప్‌లు ఉంచి మిగతావన్నీ కిందకు నెట్టేశాను. కొనుగోళ్లకు పిన్ తాళం వేసి, ఇక ఏం నొక్కినా డబ్బు పోదని ఆమెకు చేసి చూపించాను. కాగితం మీద ఇల్లు బొమ్మ గీసి, ఇది నొక్కు, రెండుసార్లు కుడికి, మధ్య బటన్ అని రాసిచ్చాను. నేను నొక్కి చూపించినంతసేపు తలూపింది గానీ ఏమీ ఎక్కలేదు. రిమోట్ ఆమె చేతికిచ్చి, నేను చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాకే వచ్చింది. నాలుగు రోజులు పట్టింది.

డిష్ ఇవ్వలేనిది స్ట్రీమింగ్ ఇచ్చింది కూడా ఒకటుంది. మేము చూసిన డిష్ చానెళ్లలో సబ్‌టైటిల్స్ ఉండేవి కావు. తెలుగు అంతంతమాత్రంగా అర్థమయ్యే మా పదకొండేళ్ల అమ్మాయి పది నిమిషాలకు లేచి వెళ్లిపోయేది. ఇప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చుంటోంది. ఒక రాత్రి ఏదో కుటుంబ సినిమా చూస్తూ ఆపమంది. “అమ్మమ్మా, ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరూ సిస్టర్-ఇన్-లాలేనా?” అని అడిగింది. వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు అని సినిమాలో నాలుగు పిలుపులు వినిపిస్తుంటే కింద నాలుగింటికీ అదే మాట పడుతోంది మరి. అమ్మ సినిమా వదిలేసి కాగితం తెప్పించుకుని మా ఇంటి చెట్టు గీసింది. నాకు ఎవరు ఏమవుతారో, తనకు ఎవరు ఏమవుతారో అరగంట చెప్పింది. ఆ సినిమా ఇప్పటికీ పూర్తి కాలేదు. అందుకే తెలుగు వేదికలను అడుగుతున్నాను, ప్రతి సినిమాకూ ప్రతి సీరియల్‌కూ సబ్‌టైటిల్స్ ఇవ్వండి, మెనూ తెలుగు అక్షరాల్లో కనిపించేలా చేయండి. చందా కట్టేవాళ్లమే అడగగలం, పెట్టె కొన్నవాళ్లు ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు?

ఇక్కడి మన తెలుగు సంఘం వారిని కూడా ఒకటి కోరుతున్నాను. సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ పక్కన ఒక బల్ల వేయండి. నాలుగు రకాల రిమోట్లు, ఒక టీవీ పెట్టి, హైస్కూల్ పిల్లలను కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు వచ్చి తమ చేత్తో నొక్కి నేర్చుకుంటారు. వాళ్లకు నేర్పాలంటే ఆ పిల్లలు తెలుగులో మాట్లాడక తప్పదు.

మా అమ్మ వచ్చే ఆగస్టులో మళ్లీ వస్తోంది. పోయిన వారం టీవీలో ఏదో అప్‌డేట్ వచ్చి మొదటి వరుస మొత్తం మారిపోయింది, నేను రాసిచ్చిన కాగితం ఇప్పుడు పనికిరాదు. కొత్తది రాసే పని మా అమ్మాయి తీసుకుంది. “కుడి” అని రాయడానికి కొమ్ము ఎటు తిప్పాలో నిన్న రాత్రి నన్ను అడిగింది.