సవరణ: సీవీఎస్ దుకాణాల్లో సిగరెట్ల అమ్మకం గురించి

అమెరికాలోని సీవీఎస్ మందుల దుకాణాల సంస్థ ప్రభుత్వ నిషేధం వల్ల 2014 అక్టోబర్ 1న సిగరెట్ల అమ్మకం ఆపేసిందని ఇంతకుముందు రాశాను, అది పొరపాటు. సంస్థ అప్పట్లో చేసిన ప్రకటనల ప్రకారం ఆ నిర్ణయం పూర్తిగా దాని సొంతం. ఏటా సుమారు 200 కోట్ల డాలర్ల రాబడి పోతుందని తెలిసి కూడా 2014 ఫిబ్రవరిలో దాన్ని ప్రకటించింది. అక్టోబర్ 1 అనేది అప్పుడు పెట్టుకున్న గడువు మాత్రమే. అంతకంటే దాదాపు నెల ముందే, సెప్టెంబర్ 3న, అమలు చేసింది. అప్పటికి మందుల దుకాణాల్లో పొగాకును చట్టంతో నిషేధించినవి శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్ వంటి కొన్ని నగరాలే తప్ప దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. పొగతాగడం మానడానికి వాడే నికోటిన్ ప్యాచ్‌లు అమ్మే దుకాణంలోనే క్యాష్ కౌంటర్ వెనుక సిగరెట్ పెట్టెలు పేర్చి ఉండే పద్ధతిని ఒక వ్యాపార సంస్థ తనంతట తాను వదులుకోవడం చిన్న విషయం కాదు కనుక ఈ తేడా చెప్పి తీరాలి.

కొనేవాళ్లంతా పక్క దుకాణాలకు మళ్లారన్న మాటా సరికాదు. 2017లో ఒక ప్రజారోగ్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు సిగరెట్లను సీవీఎస్‌లో మాత్రమే కొన్న కుటుంబాలు వాటిని కొనడమే మానేసే అవకాశం, ఇతర చోట్ల కొన్నవారితో పోలిస్తే 38 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే ఆ అధ్యయనంలో సంస్థ పరిశోధకులకూ పాత్ర ఉంది.