సవరణ: టమాటా ఒరుగుల లెక్క తప్పింది

మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయినప్పుడు టమాటాలు రోడ్డు పక్కన పారబోసే బదులు ఒరుగులు పెట్టుకోవచ్చని మొన్న రాశాను. ఆ మాటలో మార్పు లేదు. పది కిలోలకు రెండు కిలోల ఒరుగులు వస్తాయన్నదే తప్పు.

టమాటాలో దాదాపు 94 శాతం నీళ్లే. పది కిలోల్లో మిగిలే గట్టి పదార్థం 600 గ్రాములు, కాస్త తేమ ఉన్నా 700 దాటడం కష్టం. ముచ్చికలు, మచ్చలు కోసేస్తే ఇంకా తగ్గుతుంది. (ఉప్పు చల్లితే దాని బరువు వేరు.) రెండు కిలోలు తూగాయంటే ఎండలేదన్నమాట, డబ్బాకెత్తితే బూజు ఖాయం. నేను ఒక్కరోజు ఎండకే తూచేశాను, తొందర నాదే.

దాంతో ఖర్చూ మారుతుంది. టమాటా కిలో 4 రూపాయలైతే, కిలో ఒరుగులకు పండ్ల ఖర్చు 20 అని వేశాను. నిజానికి 60 దాకా అవుతుంది. కూలి, కవర్లు ఇందులో కలపలేదు.

ఇంట్లో చేసి అమ్మేవాళ్లకు ఏ అనుమతీ అక్కర్లేదన్నదీ సరికాదు. చిన్న వ్యాపారమైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే.