విగ్రహం కింద ఏం రాస్తున్నాం?

పల్నాడు జిల్లా కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వాళ్ల కోసం అయిదు రోజులు జరుగుతాయి. ఆ వీరులను కొలిచే వీరాచారం పాటించే కుటుంబాలు ఊళ్ల నుంచి ఆయుధాలు మోసుకొస్తాయి, నాగులేటి నీళ్లలో కడిగి పూజిస్తాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు.

ఆ పేర్లలోనే ఒక విశేషం ఉంది. అయిదు రోజుల్లో ఒకటి సంధి ప్రయత్నానిది, ఇంకొకటి పందెంకోడిది. సంధి కోసం వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారన్న కథ అక్కడ అందరికీ తెలుసు. దాయాదుల మధ్య పందెం ఎలా పగగా మారిందో పిల్లలు కూడా చెప్పేస్తారు. ఎవరు చనిపోయారన్నదే కాదు, గొడవ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆపగలిగేవాళ్లు అన్నది కూడా ఆ ఊరు మర్చిపోలేదు. మందపోరు రోజున కులం చూడకుండా అందరూ కలిసి కూర్చుని చాపకూడు తింటారు. మాచర్ల పక్షాన మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు దేనికోసం నిలబడ్డాడో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? చరిత్ర పుస్తకంలా నూటికి నూరు పాళ్లూ నిజమని అనను. పూజ మొదలయ్యాక మనుషులు దేవుళ్లయిపోతారు, దేవుళ్ల తప్పులు ఎవరూ ఎంచరు. పైగా అక్కడ పూజలందుకునేది 66 మంది వీరనాయకులు. వాళ్ల వెనక నడిచి చచ్చిపోయిన కాల్బలం పేర్లు ఎవరికీ తెలియవు.

ఆధునిక స్మారకాల గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉంది. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లు గ్రానైట్ మీద చెక్కారు. సిపాయి పేరు, అధికారి పేరు ఒకే తీరులో కనిపిస్తాయి. ఇది చిన్న విషయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) చనిపోయిన వాళ్ల కోసం బస్రాలో కట్టిన స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంట్‌కు ఇంతమంది అని అంకెల్లో సరిపెట్టారు. ఆ వివక్ష నిజమేనని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

పేర్లు దక్కాయి సరే, కథ మాత్రం జారిపోయింది. విశాఖ బీచ్‌లోని విక్టరీ ఎట్ సీ స్తూపం 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో విజయాన్ని గుర్తు చేస్తుంది. ఆ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అది ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాలూ ఇప్పటికీ చెరో మాట చెబుతున్నాయి. సెల్ఫీ దిగి వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసంటారు?

సూర్యాపేటనే తీసుకోండి. లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 2020 జూన్ 15న అమరుడైన కర్నల్ సంతోష్ బాబు విగ్రహాన్ని సరిగ్గా ఏడాదికి అక్కడ ఆవిష్కరించారు. ఊరు తన బిడ్డను గుండెల్లో పెట్టుకుంది, అందులో సందేహం లేదు. కానీ ఇలాంటి విగ్రహాల దగ్గర మనం ఏటా చేసేది పూలదండ, రెండు నిమిషాల మౌనం, నాయకుల ప్రసంగాలు. ప్రసంగంలో 'వీరమరణం' తర్వాత ఇంకో వివరం ఉండదు. అక్కడ జరిగింది మాత్రం ఆ ఒక్క మాటలో ఇమిడేది కాదు. జూన్ 6న రెండు సైన్యాల కమాండర్లు కూర్చుని వెనక్కి తగ్గుదామని అనుకున్నారు. ఆ తర్వాతే ఈ ఘర్షణ. మన జవాన్ల దగ్గర తుపాకులు ఉన్నాయి, ఎదురుపడినప్పుడు తుపాకులు వాడకూడదన్న 1996, 2005 భారత్-చైనా ఒప్పందాల వల్ల కాల్చలేదని విదేశాంగ మంత్రే చెప్పారు. 20 మంది ప్రాణాలు అలా పోయాయి. పదో తరగతి పిల్లాడు విగ్రహం దగ్గర ఆగితే ఇది చదవగలగాలి. దిమ్మె మీద పది లైన్లు చాలు.

ఆ పది లైన్లు రాయడమే కష్టం. రాయబారం ఎందుకు చెడిందో, ఏ హామీ ఎవరు తప్పారో రాస్తే ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది. విగ్రహానికి ఖర్చు పెట్టే ప్రభుత్వాలకు ఆ తలనొప్పి అక్కర్లేదు. కారంపూడి వాళ్లకు ఈ చిక్కు లేదు. గురజాల, మాచర్ల రాజ్యాలు రెండూ ఎప్పుడో పోయాయి.