నైజీరియా వాళ్ళ వల్ల మన వీసాలు పోలేదు

బ్రిటన్‌లో ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. "నైజీరియా వాళ్ళు ఇంటిల్లిపాదినీ తోలుకొచ్చారు, అందుకే డిపెండెంట్ వీసాలు ఆపేశారు. వాళ్ళు చేసిన పనికి మనం అనుభవిస్తున్నాం" అని. మొన్న మళ్ళీ వచ్చింది. కింద మెచ్చుకుంటూ వరసగా బొటనవేలు ఎమోజీలు. పెట్టినవాళ్ళలో నాకు బాగా తెలిసినవాళ్ళున్నారు, నాకంటే పెద్దవాళ్ళూ ఉన్నారు. అయినా చెప్పక తప్పదు. ఆ మాట తప్పు, అన్యాయం కూడా.

నేను ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఒక కేర్ హోమ్‌లో, అంటే ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో, పని చేస్తున్నాను. నా షిఫ్టులో ఎక్కువమంది నైజీరియా వాళ్ళే. లాగోస్, ఇబాదాన్, బెనిన్ సిటీ, అబూజా నుంచి వచ్చారు. ఒకాయన హైస్కూల్లో లెక్కల టీచరు. ఒకావిడ బ్యాంకులో మంచి పొజిషన్‌లో ఉండేది. ఇంకొకావిడ సొంతంగా మందుల షాపు నడిపింది. రోజూ వాళ్ళ పక్కన నిలబడి పని చేస్తూ, ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ఈ మాటలు. ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

అసలు ఎవరు ఎవర్ని పిలిచారు? కోవిడ్ అయ్యాక ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే మనుషులు దొరకలేదు. బ్రెగ్జిట్‌తో యూరప్ నుంచి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. సూపర్‌మార్కెట్‌లో సరుకు సర్దితే ఇంతకన్నా ఎక్కువ వస్తుంటే కేర్ పనికి లోకల్ వాళ్ళు ఎందుకొస్తారు? 2021-22లో ఒక్క ఇంగ్లండ్‌లోనే ఈ రంగంలో 1,65,000 ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు, 2022 ఫిబ్రవరి 15న, కేర్ వర్కర్లను షార్టేజ్ లిస్టులో (మనుషుల కొరత ఉన్న ఉద్యోగాల జాబితాలో) పెట్టి తలుపు తెరిచింది బ్రిటిష్ ప్రభుత్వమే. వీసా ఫీజు తగ్గించింది. మిగతావాళ్ళు ఏటా కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ వీళ్ళకు లేకుండా చేసింది. భార్యనో భర్తనో, పిల్లల్నో తెచ్చుకోవచ్చంది. అయిదేళ్ళు పని చేస్తే ఐఎల్ఆర్‌కు, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేసుకోవచ్చంది. కుటుంబాన్ని తెచ్చుకున్నవాడు దొంగతనంగా తెచ్చుకోలేదు. వాళ్ళు రాసిన రూలు చదివి, వాళ్ళు అడిగిన ఫీజు కట్టి తెచ్చుకున్నాడు. ఆ రూలు వాడుకోని జాతి ఏదైనా ఉందా? మనం వాడుకోలేదా? కేర్ వీసాల మీద వచ్చినవాళ్ళలో నైజీరియా, జింబాబ్వే వాళ్ళతో పాటు ముందు వరసలో ఉన్నది ఇండియా వాళ్ళే.

అక్కడ వాళ్ళ పరిస్థితి కూడా కొంచెం తెలుసుకోవాలి. వలసను నైజీరియాలో జపా అంటారు. ఆ పేరు ఇంటింటికీ పాకడానికి కారణాలున్నాయి. 2023 జూన్‌లో అధ్యక్షుడు బోలా టినుబు ప్రభుత్వం వాళ్ళ కరెన్సీ నైరా విలువను మార్కెట్‌కు వదిలేసింది. అప్పటిదాకా డాలరుకు 460 నైరాల దగ్గర ఉన్న అధికారిక రేటు ఏడాది తిరక్కుండానే 1,500 దాటింది. పెట్రోల్ సబ్సిడీ కూడా అప్పుడే తీసేశారు. జీతం అదే, దాని విలువ మూడో వంతుకు పడిపోయింది. మన రూపాయి పౌండుకు నాలుగు రూపాయలు జారితేనే ఇక్కడ మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి గాభరా పడతారు. మూడో వంతుకు పడిపోతే ఏం చేస్తాం?

దీని దెబ్బ ముందుగా స్టూడెంట్లకు తగిలింది. ఫీజులో కొంత కట్టి వచ్చి, మిగతాది వాయిదాల్లో కడదామనుకున్నవాళ్ళు ఇంటి దగ్గర నైరాల్లో దాచిన డబ్బు కరిగిపోయి ఆగిపోయారు. 2024లో టీసైడ్ యూనివర్సిటీలో ఇదే జరిగింది. ఫీజు వాయిదా కట్టలేని నైజీరియా విద్యార్థులను కోర్సు నుంచి తీసేసి, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకు రిపోర్ట్ చేశారు. యూనివర్సిటీ స్పాన్సర్‌షిప్ తీసేస్తే వీసా పోయినట్టే. వాళ్ళు క్యాంపస్‌లో నిరసన చేస్తే వార్తల్లో రెండు రోజులు వచ్చింది, ఆ తర్వాత అందరూ మర్చిపోయారు. మన గ్రూపుల్లో ఆ వార్త వేసినవాళ్ళను నేను చూడలేదు.

ఇక ఫేక్ స్పాన్సర్ల గొడవ. వీసా రావాలంటే ఇక్కడి యజమాని స్పాన్సర్‌గా ఉండి సీఓఎస్ అనే సర్టిఫికెట్ ఇవ్వాలి. "వాళ్ళే సీఓఎస్‌లు అమ్ముకుని సిస్టమ్‌ను పాడు చేశారు" అంటారు. ఇమిగ్రేషన్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన డేవిడ్ నీల్ రిపోర్టు 2024 మార్చిలో బయటికొచ్చింది. అసలు లేనే లేని ఒక కేర్ హోమ్‌కు 275 సర్టిఫికెట్లు ఇచ్చారు. నలుగురే ఉద్యోగులున్నామని చెప్పిన ఒక కంపెనీకి 1,234 ఇచ్చారు. ఆ సర్టిఫికెట్లు ఇచ్చింది లాగోస్‌లో ఏజెంటు కాదు, హోం ఆఫీసు. నలుగురున్న కంపెనీ వెయ్యిమందికి పైగా మనుషుల్ని అడుగుతుంటే ఎందుకని అడగాల్సిన ఆఫీసర్లు అడగలేదు. స్పాన్సర్‌షిప్ ఖర్చు కార్మికుడి నెత్తిన వేయకూడదని రూలుంది. అయినా ఆ కాగితం కోసం పది వేల పౌండ్లకు పైగా ఇచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. కారు అమ్మి, తండ్రి పేరునున్న స్థలం అమ్మి కట్టారు. అంతే డబ్బు మన కన్సల్టెన్సీలకు పోసి వచ్చిన గుంటూరు వాళ్ళూ, కరీంనగర్ వాళ్ళూ నాకు తెలుసు. మోసపోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకుని, మోసం చేసినవాడికి కొత్త కస్టమర్లను పంపుతున్నాం మనం.

డబ్బు పోవడంతో కష్టం అయిపోదు. వీసా యజమాని చేతిలో ఉంటుంది. అదీ అసలు రోగం.

నాతో ఇప్పుడు పని చేస్తున్న ఒకావిడ ముందు హోమ్ కేర్‌లో, అంటే ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చేసే పనిలో ఉండేది. ఆవిడ పాత రోటా, అంటే డ్యూటీ టైముల పట్టిక, ఒకటి నాకు చూపించింది. పొద్దున 7 నుంచి 7:30 ఒక ఇల్లు, 7:45కి ఇంకొకటి, 8:30కి మరొకటి, అలా 11 దాకా. తర్వాత సాయంత్రం 4 వరకూ ఖాళీ. మళ్ళీ 4 నుంచి రాత్రి 9:30 దాకా. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే టైముకు డబ్బుల్లేవు. మధ్యలో ఖాళీకి అసలే లేవు. ఇల్లు దూరం, పెట్రోలు ఖర్చు, అందుకని ఆ అయిదు గంటలూ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కారులోనే కూర్చునేది. చలికాలంలో హీటర్ వేస్తే పెట్రోలు అయిపోతుందని దుప్పటి కప్పుకునేది. తెల్లారకుండా ఇంట్లోంచి బయటపడి రాత్రి పదింటికి చేరితే, జీతం లెక్కలోకి వచ్చేది అందులో సగం. పైగా నైజీరియా లైసెన్సు ఇక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది. ఆలోగా థియరీ, ప్రాక్టికల్ పాసవ్వాలి. టెస్టుకు స్లాటు దొరకదు. కారు నడపలేకపోతే కాల్స్ (ఇళ్ళకు వెళ్ళే పనులు) ఇవ్వరు, కాల్స్ లేకపోతే జీతం లేదు. "ఎదురు అడిగితే రేపే హోం ఆఫీసుకు మెయిల్ పెడతా" అని మేనేజర్ నేరుగా మొహం మీదే అన్నాడట.

ఆ బెదిరింపు ఊరికే అన్నది కాదు. ఉద్యోగం పోయిందని యజమాని రిపోర్ట్ చేస్తే, హోం ఆఫీసు లెటర్ వచ్చాక 60 రోజులిస్తారు. ఆలోగా కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదా దేశం వదలాలి. పిల్లలు స్కూల్లో ఉంటారు, ఇంటి అగ్రిమెంట్ ఉంటుంది, తెచ్చిన అప్పు ఉంటుంది. ప్రభుత్వ సాయం చాలావరకూ అడిగే హక్కు లేదు. అంతవరకూ కట్టిన ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రం ఎవరూ వెనక్కివ్వరు. ఆ 60 రోజుల భయంతోనే జనం జ్వరంతో డ్యూటీకి వస్తారు, రోటాలో గంటలు కోసినా నోరెత్తరు.

చెడ్డ యజమానుల మీద ప్రభుత్వం చర్య తీసుకుంది కదా అంటారు. తీసుకుంది. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు మధ్య కేర్ రంగంలో 470కి పైగా స్పాన్సర్ లైసెన్సులు, అంటే బయటి దేశాల మనుషుల్ని పెట్టుకునే అనుమతులు, రద్దయ్యాయి. వాటి కింద ఉన్న కార్మికులు 39,000 మంది పైనే. తప్పు చేసింది కంపెనీ, రోడ్డున పడింది వీళ్ళు. కొత్తగా బయటినుంచి మనుషుల్ని తెచ్చే ముందు ఇలా మిగిలిపోయినవాళ్ళను చూడాలని 2025 ఏప్రిల్‌లో యజమానులకు రూలు పెట్టారు. మంచిదే. కానీ ఊరు మారలేక, కారు లేక, ఇంటర్వ్యూ పిలుపుల కోసం నెలలకొద్దీ ఎదురుచూసినవాళ్ళను నేను చూశాను. చర్చి వాళ్ళు ఇచ్చిన సరుకులతో ఇల్లు గడిపారు. నైజీరియా వాళ్ళలో ఆ ఒక్క బలం ఉంది. మనిషి పడిపోతే ఆదివారం చర్చిలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. మన సంఘాలు సంక్రాంతి సంబరాలకు పెట్టే శ్రద్ధలో కొంచెం దీనికి పెట్టొచ్చు.

తర్వాత ఒక్కొక్క తలుపూ మూశారు. 2024 జనవరి నుంచి రిసెర్చ్ కాని మాస్టర్స్ స్టూడెంట్లకు డిపెండెంట్లు లేరు. 2024 మార్చి 11 నుంచి కొత్త కేర్ వర్కర్లకూ లేరు. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. కొత్తగా ఎవర్ని రానివ్వాలో వద్దో ఆ దేశం ఇష్టం, దాని మీద నాకు గొడవ లేదు.

నా గొడవంతా వచ్చేసినవాళ్ళ సంగతి. 2025 మేలో వైట్ పేపర్ (ప్రభుత్వ విధాన పత్రం) తెచ్చి ఐఎల్ఆర్‌ను అయిదేళ్ళ నుంచి పదేళ్ళు చేస్తామన్నారు. అదే ఏడాది నవంబరులో హోం సెక్రటరీ షబానా మహమూద్ డిగ్రీ స్థాయి కన్నా తక్కువ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు, అంటే కేర్ వర్కర్లకు, పదిహేనేళ్ళని ప్రతిపాదించారు. అదీ ఇప్పటికే ఇక్కడుండి ఇంకా ఐఎల్ఆర్ రానివాళ్ళకు కూడా. ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లోని డాక్టర్లకు, నర్సులకు మాత్రం అయిదేళ్ళే. డాక్టర్ చూసి వెళ్ళాక ఆ మనిషికి స్నానం చేయించేదెవరు, అన్నం తినిపించేదెవరు, రాత్రి మూడింటికి పక్క మార్చేదెవరు? 2022లో పదేళ్ళ కూతురితో దిగిన ఆ లెక్కల టీచరు అయిదేళ్ళు లెక్క వేసుకుని వచ్చాడు. పదిహేనేళ్ళయితే ఆ పిల్లకు పాతికేళ్ళు వస్తాయి. ఐఎల్ఆర్ ఫీజు 2025 ఏప్రిల్‌లోనే మనిషికి 3,029 పౌండ్లయింది. అప్పటికి ఎంతవుతుందో. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

ఇందులో పార్టీల తేడా కూడా లేదు. కన్జర్వేటివ్ నాయకురాలు కెమీ బడెనాక్ చిన్నతనం ఎక్కువగా లాగోస్‌లో గడిచింది. ఐఎల్ఆర్‌కు పదేళ్ళు చేయాలని 2025 ఫిబ్రవరిలో, లేబర్ వాళ్ళకంటే ముందే అన్నది ఆవిడే. సెప్టెంబరులో రిఫార్మ్ యూకే పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ అసలు ఐఎల్ఆరే తీసేస్తామన్నారు. నా తోటివాళ్ళకు బడెనాక్ పేరెత్తితే చాలు, మాట ఆగిపోతుంది. మనవాళ్ళనుకున్నవాళ్ళు అన్న మాట ఇంకా లోతుగా దిగుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌లో పేపరు తెరిస్తే నైజీరియన్ అన్న మాట ఎక్కువగా డ్రగ్స్ కేసు పక్కనే కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి చదివింది అదే. ఆ చదువునే సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాం. ఒంటి రంగు గురించి మన ఇళ్ళల్లో పెళ్ళిచూపుల దగ్గర మాట్లాడుకునే మాటలు దానికి తోడు. ఇక్కడి తెల్లవాళ్ళలో మనల్ని వద్దనుకునేవాళ్ళు మాత్రం మనిద్దరినీ వేరుగా చూడరు. సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల్ని కత్తితో పొడిచి చంపిన ఘటన తర్వాత 2024 ఆగస్టులో అల్లర్లు జరిగినప్పుడు టామ్‌వర్త్‌లో శరణార్థులున్న హోటల్ మీద దాడి చేశారు, నిప్పు పెట్టారు. ఆ వారం నైట్ డ్యూటీకి బస్సులో రావద్దని మా హోమ్‌లో చెప్పి, నన్నూ ఒక నైజీరియా అమ్మాయినీ ఒకే టాక్సీలో పంపారు. దారిపొడుగునా ఇద్దరం అద్దంలోంచి బయటికి చూడడానికే భయపడ్డాం.

కాబట్టి గ్రూపుల్లో ఆ మెసేజ్ పంపేవాళ్ళకు నా విన్నపం. రేపు ఆ పదిహేనేళ్ళు పడితే మన వాళ్ళకూ పడతాయి. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే పీఎస్‌డబ్ల్యూ వీసా రెండేళ్ళను 2027 జనవరి నుంచి పద్దెనిమిది నెలలు చేస్తున్నప్పుడు పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగలేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. వీసా ఒక కంపెనీకి కాకుండా మొత్తం కేర్ రంగానికి ఇవ్వాలని యూనిసన్ యూనియన్ ఎప్పటినుంచో అడుగుతోంది. అలా చేస్తే బెదిరించే మేనేజర్‌ను వదిలి పక్క ఊళ్ళో చేరిపోవచ్చు, సీఓఎస్ అమ్ముకునేవాడికి బేరం ఉండదు. లైసెన్సు పోయిన కంపెనీలోవాళ్ళకు 60 రోజులు కాదు, కనీసం ఆరు నెలలివ్వాలి. ఇప్పటికే వచ్చినవాళ్ళకు వచ్చిన రోజున్న రూలే ఉంచాలి. మీ ఏరియా ఎంపీకి ఈ మూడూ రాయండి. ఓటు హక్కు మనకూ ఉంది, నైజీరియా వాళ్ళకూ ఉంది, కామన్వెల్త్ దేశాల వాళ్ళం కాబట్టి. చాలామందికి ఈ సంగతే తెలియదు. కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోండి.

మా హోమ్‌లో యూనియన్ రెప్ (ప్రతినిధి) ఆ బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన లాగోస్ ఆవిడే. పోయినేడు ఇద్దరు తెలుగు అమ్మాయిల జీతంలో గంటలు తగ్గించి వేస్తే, పేస్లిప్పులు, రోటాలు పక్కపక్కన పెట్టి మేనేజర్ ముందు కూర్చుని ఆ డబ్బు ఇప్పించింది. ఆ ఇద్దరూ ఇంకా యూనియన్‌లో చేరలేదు. చేరమని నేను ఇవాళ కూడా అడిగాను, మళ్ళీ అడుగుతాను. మీరు పనిచేసే చోట యూనియన్ ఉంటే మీరూ చేరండి.